కనకాంబరాలకు జాతర

తిరుమలమ్మ వదిన తలలో నేను ఏనాడూ కనకాంబరం చూడలేదు. ఆవిడ కనకాంబరాల తోట ఉన్న ఇంటి ఇల్లాలు. తెల్లారకముందే బుట్టలకొద్దీ కోసి, అరటినారతో మూరలకొద్దీ కట్టి, తిరుచానూరు గుడి వీధికి పంపేది. తన కొప్పులో మాత్రం పెరటి కుండీలో పెంచుకున్న మరువం రెమ్మ ఒకటి గుచ్చుకునేది. ఎందుకని అడిగితే కనకాంబరం తనకు పడదనీ, తలనొప్పి వస్తుందనీ చెప్పేది. వాసనే లేని పువ్వుకు తలనొప్పి ఎక్కణ్ణించి వస్తుందని నేను చాలాసార్లు ఎగతాళి చేశాను. ఆవిడ నవ్వి ఊరుకునేది.

నా పేరు స్టెల్లా. వాళ్ళకు ఎదురిల్లు. అరుగు మీద కుట్టుమిషను పెట్టుకుని బతుకుతున్నాను. మా ఊరు తిరుచానూరు దాటి కాస్త లోపలికి, స్వర్ణముఖి గట్టున ఉంది. నది అని పేరేగానీ ఏడాదిలో చాలా నెలలు ఇసుకే పారుతుంది. మిషను ముందు కూర్చుంటే ఒక పక్క శేషాచలం కొండ, ఇంకో పక్క వదిన భర్త ఆదిమూలం అన్న తోట కనిపిస్తాయి. సూదిలో దారం ఎక్కించడానికి తల ఎత్తినప్పుడల్లా ఆ రెండూ చూస్తాను. ఆదివారం చర్చికి పోయేదాన్నే అయినా గంగమ్మ జాతర వేషాలకు లంగాలు, జాకెట్లు, దొర కోట్లు కుట్టేది నేనే. దీని గురించి ప్రభువుతో ఎప్పుడో మాట్లాడుకున్నాను. ఆయనకు అభ్యంతరం లేదు, మా పాస్టరు గారికే ఉంది.

ఆదిమూలం అన్న నోట్లో వేలు పెట్టినా కొరకని రకం. బస్సులో ఎవరైనా కాలు తొక్కితే తనే క్షమించమని అడుగుతాడు. అలాంటి మనిషి ఏటా జాతరకు తిరుపతి పోయి, అక్కడి వేషాల్లో ఒకటైన తోటి వేషం కట్టేవాడు. చిన్నప్పుడు ఆయనకు ఒళ్ళంతా అమ్మవారు పోసినప్పుడు వాళ్ళమ్మ మొక్కుకున్న మొక్కు అది. ఒళ్ళంతా బొగ్గు పూసుకుని, వేపమండలు కట్టుకుని, వీధిలో నిలబడి బూతులు లంకించుకున్నాడంటే చూడాలి. అడ్డమొచ్చిన వాళ్ళనందరినీ తిట్టేవాడు. ఎవరూ ఏమీ అనుకోరు. ఆ తిట్లు తగిలితే ఆ ఏడు రోగాలు రావని మా వైపు నమ్మకం. వేషం తీసేసి నీళ్ళు పోసుకున్నాక మళ్ళీ గొంతు లేవదు. ఏడాది మాటలన్నీ ఆ నాలుగు దినాల్లోనే వాడేసుకుంటాడని నేను అనేదాన్ని.

ఆ తోట వాళ్ళమ్మ పెట్టింది. అరెకరం. తెల్లవారుజామున మంచు నేలమట్టంగా పరుచుకుని ఉన్నప్పుడు ఆకులు కనబడవు, మట్టి కనబడదు, పువ్వుల రంగు ఒక్కటే గాల్లో ఆగినట్టుంటుంది. ఆ రంగులో ఆదిమూలం అన్న నడుము దాకా మునిగి, చప్పుడు లేకుండా అటూ ఇటూ కదిలేవాడు. కొన్నిసార్లు మనిషి కూడా కనబడేవాడు కాదు, బుట్ట ఒకటే తేలుతూ పోయేది. నేను బ్రష్షు నోట్లో పెట్టుకుని చూస్తూ నిలబడిపోయేదాన్ని. లోకంలో ఎక్కడా ఏ తొందరా లేదనిపించేది.

కానీ కనకాంబరం మహా సున్నితం. వాన నాలుగు రోజులు పట్టిందా, ఆకుల మీద మచ్చలు లేస్తాయి, వేరు కుళ్ళుతుంది, పచ్చగా ఉన్న చెట్టు పొద్దుటికి వాలిపోతుంది. అందుకని అందరిలాగే ఆదిమూలం అన్న కూడా డబ్బా వీపుకెత్తుకుని మందు కొట్టేవాడు. ఏళ్ళ తరబడి కొట్టాడు. మూతికి తువ్వాలు కట్టుకోవడమే ఆయన చేసిన జాగ్రత్త. పోయినేడాది వానల్లో అలా కొడుతూ కొడుతూ సాళ్ళ మధ్యనే పడిపోయాడు. నోట్లో నురుగు. నేనూ వదినా ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తాం. బతికాడు గానీ చేతులకు వణుకు మిగిలింది. ఇంకొకసారి ఆ డబ్బా జోలికి పోతే తన దగ్గరికి తీసుకురావద్దని డాక్టరు వదినకు తేల్చి చెప్పాడు.

కూలికి మనిషిని పెట్టి కొట్టించమని ఊళ్ళో అందరూ సలహా ఇచ్చారు. ఆయన ఒప్పుకోలేదు. తనకు వద్దన్న విషాన్ని ఇంకొకడి వీపుకెత్తడం తన వల్ల కాదన్నాడు. అప్పుడు వదిన తన తమ్ముడు మునిప్రసాద్‌తో మాట్లాడింది. తిరుపతి బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో వాచ్‌మన్ పని ఉందని అతను కబురు తెచ్చాడు. తోటను చదును చేసి యాత్రికుల కార్లు నిలుపుకోవడానికి ఇచ్చేయొచ్చన్నాడు. ఖాకీ గుడ్డ కూడా తెచ్చి నా మిషను మీద పెట్టి పోయాడు. ఆదిమూలం అన్న కొలతలకు నిలబడ్డాడు. చేతులు చాపమంటే చాపాడు, తిరగమంటే తిరిగాడు. ఎన్నో వేషాలకు ఆయన కొలతలు తీశాను, ఏనాడూ అంత బరువుగా అనిపించలేదు. నాకు ఏడుపొచ్చింది. టేపు మెడకేసుకుని లోపలికి పోయి మంచినీళ్ళు తాగి వచ్చాను.

ఆయన ఒక్కటే అడిగాడు. వచ్చే కార్తీకంలో తిరుచానూరు అమ్మవారి ఉత్సవాలు ముగిసే పంచమీ తీర్థం దాకా గడువు ఇమ్మన్నాడు. మందు కొట్టకుండా తోట నిలబడి పూసిందా, ఉంటాడు. లేదంటే ఆ రోజే ఖాకీ తొడుక్కుని పోతాడు. వదిన సరేనంది గానీ మనసులో ఆవిడ అప్పటికే ఆ తోటలో కార్లు నిలిపేసింది.

ఈ కథలోకి రొయ్యలు వచ్చింది ఈ ఏడు జాతరకే. వాళ్ళ కూతురు లోకేశ్వరి రేణిగుంట వైపు ఒక చోట, చెట్లకు జీవమందులు తయారుచేసే కార్ఖానాలో పని చేస్తుంది. జాతరకు ఇంటికి వస్తూ ఒక తెల్లటి పొడి తెచ్చింది. రొయ్యపెంకుల నుంచి తీసిందట. పులుపు నీళ్ళలో కరిగించి ఆకుల మీద చల్లాలి. అమ్మవారి గుడి వీధికి పోయే పూల మీద రొయ్యల నీచా అని వదిన మొహం చిట్లించింది. ఇన్నేళ్ళూ విషం చల్లి పంపినప్పుడు రాని మైల ఇప్పుడెలా వచ్చిందని నేను అరుగు మీదనుంచే అడిగాను. ఆవిడ నా వైపు ఒక చూపు చూసింది. ఆ చూపు అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఆదిమూలం అన్న అప్పుడే తిరుపతి నుంచి వచ్చి, చెవుల వెనక ఇంకా బొగ్గు వదలక, వాకిట్లో కూర్చుని ఉన్నాడు. ఇది ఏ రోగాన్ని చంపుతుందని కూతుర్ని అడిగాడు.

"ఇది సంపే మందు కాదు నాయనా" అంది లోకేశ్వరి. "చెట్టుకు పట్టే బూజు తెగులు ఉండాదే, దాని ఒంటి తొడుగులో ఏ సరుకు ఉంటాదో, రొయ్యపెంకులోనూ అదే సరుకు. దీన్ని చల్లితే చెట్టు తెగులే వచ్చిందనుకుంటాది. ఆకు మందం చేసుకుంటాది, లోపల తన మందు తాను కాచుకుంటాది. నిజం తెగులు వచ్చేసరికి తయారుగా ఉంటాది. ఇది రోగం వేషం ఏసుకొని పోయి బెదిరిస్తాది, అంతే."

ఆయన చెవి వెనక బొగ్గు తుడుచుకున్నాడు. మొహం మెల్లగా విచ్చుకుంది.

"అంటే చెట్లకు జాతర జేస్తామన్నమాట" అన్నాడు.

ఏ చదువు చదివినవాడూ అంత తొందరగా అర్థం చేసుకోలేదని లోకేశ్వరి తర్వాత నాతో చెప్పుకుని నవ్వింది. నెలకొకసారి, అది కూడా వానకు ముందు, పలచగా చల్లమని రెండుసార్లు చెప్పి పోయింది. తండ్రి రెండుసార్లూ తల ఊపాడు.

ఆషాఢంలో తొలిసారి చల్లాడు. అది చూడాల్సిందే. చిన్న పంపు చేతిలో పట్టుకుని, వేపమండ మొలలో దోపుకుని, సాలు సాలుకూ నడుస్తూ చెట్లను తిట్టడం మొదలుపెట్టాడు. ముందు గొణిగాడు, తర్వాత గొంతు లేచింది. జాతరలో వినిపించే తిట్లే. వాళ్ళ అమ్మలనూ అక్కలనూ లాగి, వంశాలు తవ్వి, ఒక్కో కనకాంబరాన్ని పేరు పేరునా తిట్టాడు. మబ్బులు కొండ మీదనుంచి జారి తోట అంచుదాకా వచ్చి ఆగాయి. ఆ తెల్లదనంలో ఆయన మాట ఒక్కటే తిరుగుతూ ఉంది. నేను మిషను ఆపేసి విన్నాను. రాయడానికి లేదు గానీ నా జాకెట్ల మధ్య కూర్చుని కళ్ళు తుడుచుకునేదాకా నవ్వాను.

పది రోజులు తిరక్కముందే ఆకులు నల్లపచ్చగా, చేత్తో తాకితే తోలులాగా అయ్యాయి. ఒక్క మచ్చ లేదు. గట్టుకు అటు పక్క తోట బాలచంద్రది. అక్కడి ఆకులపై అప్పటికే మచ్చలు మొదలయ్యాయి, ఆయన డబ్బా ఎత్తాడు. ఇటు చూసి అదేం మందో చెప్పమని అడిగాడు. అక్కడే పడింది ఆదిమూలం అన్న బుద్ధి పక్కదారి. గంగమ్మకు మంగళవారం ప్రీతి కాబట్టి మంగళవారం మంగళవారం చల్లడం మొదలుపెట్టాడు. తర్వాత శుక్రవారం కూడా కలిపాడు. పొడి అయిపోతే కూతుర్ని అడగకుండా రేణిగుంట పోయి దాని స్నేహితురాలిని బతిమాలి తెచ్చుకున్నాడు. పలచగా ఉంటే అమ్మోరికి ఆనదని చిక్కగా కలిపాడు. జాతర మొక్కు తెలిసినవాడు తప్ప ఇంకొకడు చేయగలిగే తప్పు కాదిది. భక్తి ఎక్కువైంది, అంతే.

శ్రావణమంతా అలాగే గడిచింది. చెట్లు కోటల్లాగా నిలబడ్డాయి. రోగం లేదు, పురుగు లేదు. పువ్వు కూడా లేదు. కంకులు గట్టిగా ముడుచుకుని, ఆకుపచ్చగా ఉండిపోయాయి. వరలక్ష్మీ వ్రతానికి ఊరంతా పూలకు వెతుకుతుంటే కనకాంబరం తోట ఉన్న ఇంట్లో మూర పువ్వు లేదు. వదిన ఖాకీ చొక్కాకు గుండీలు కుట్టడం అయ్యిందా అని నన్ను అడిగింది. కుట్టానని చెప్పాను. చెప్పకుండా ఉంటే బాగుండేదనిపించింది.

ఒక మధ్యాహ్నం ఆదిమూలం అన్న మోటరు గది నీడలో నిద్రపోయి లేచి, తిన్నగా నా అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. కళ్ళు ఇంకా నిద్రలోనే ఉన్నాయి. కల చెప్పాడు. కలలో తోట ఒక ఊరట. సాళ్ళు వీధులట. తను బొగ్గు పూసుకుని వీధి వీధీ తిరుగుతున్నాడట.

"చెట్లన్నీ తలుపులేసుకొని లోపల కూర్చోనుండాయి స్టెల్లా. గడియ మీద గడియ. వాకిట్లోకి ఒక్కటీ రాదు. వేషం తీసినాను, నేనేమ్మా ఆదిమూలాన్ని అంటా ఉండా. నా నోట వాటికి తెలిసింది తిట్లే గదా, యాడ నమ్ముతాయి."

నేను కుడుతున్న గుడ్డ మీద చెయ్యి ఆగిపోయింది. అప్పుడే వదిన బియ్యం చెరుగుతూ వాళ్ళ వాకిట్లోనుంచి ఈ మాటలు వింది. చేట కింద పెట్టలేదు, తల ఎత్తలేదు.

"చెంప తీసినాక జాతర అయిపోతాది గదబ్బా" అంది. "ఏడాదంతా జాతరే జేస్తా ఉంటే ఊర్లో పొయ్యి ఎవురు ముట్టిస్తారు?"

జాతర ఆఖరున గంగమ్మ మట్టి విశ్వరూపానికి చెంప తొలగిస్తారు. ఆ మట్టిని జనం పిడికెడు పిడికెడు ఇంటికి తీసుకుపోతారు. దాంతో వేషాలు ముగుస్తాయి, తిట్లు ముగుస్తాయి, ఎవరి పనుల్లోకి వాళ్ళు పోతారు. ఊరికి పుట్టినప్పటినుంచీ తెలిసిన సంగతి అది. ఆయన అరుగు మీదనుంచి లేచి పోయి, మిగిలిన పొడిని కొట్టంలో అటక మీద పెట్టేశాడు. వినాయక చవితికి లోకేశ్వరి వచ్చి చూసి తల పట్టుకుంది. చెట్టు బలమంతా కాపలాకే పోయిందనీ, వదిలేస్తే మెల్లగా తేరుకోవచ్చనీ చెప్పింది. ఎప్పటికి తేరుకుంటుందో తను చెప్పలేనంది.

ఆ తర్వాత ఆయన చేసిందల్లా తోటలో కూర్చోవడం. అదే ఆయనకు అన్నిటికంటే కష్టమైన పని. చేతులకు పని అలవాటు, చేతులు ఊరుకోవు. వణికే ఆ చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని సాళ్ళ మధ్య గోతం పట్టా మీద కూర్చునేవాడు. కలుపు తీసేవాడు, నీళ్ళు కట్టేవాడు, మళ్ళీ కూర్చునేవాడు. ఏదో మాట్లాడేవాడు కూడా. ఈసారి గొంతు మా అరుగుదాకా వచ్చేది కాదు. పొద్దు వాలేటప్పుడు కొండ నీడ పాక్కుంటూ వచ్చి ముందు ఆయన్ని, తర్వాత తోటను, ఆ తర్వాత నా మిషనును కప్పేది. ఆ నీడలో చెట్లూ మనిషీ కలిసిపోయి ఏది ఏదో తెలిసేది కాదు. ఆశ్వీజం వచ్చింది, పోయింది. నేను ప్రార్థన చేసుకునేటప్పుడు కనకాంబరాలను కూడా కలుపుకున్నాను.

కార్తీకంలో వాయుగుండం పట్టి వానలు దిగాయి. రాత్రింబవళ్ళు ఒకటే పోత. స్వర్ణముఖిలో నీళ్ళు వచ్చాయి, పిల్లలు చూడ్డానికి పరిగెత్తారు. వాన తెరిపి ఇచ్చిన పొద్దున బాలచంద్ర తోట సగానికి సగం వాలిపోయి ఉంది. ఎన్ని డబ్బాలు కొట్టాడో పాపం, గట్టు మీద కూర్చుని అటే చూస్తున్నాడు. ఆదిమూలం అన్న తోటలో ఒక మూల, నీళ్ళు నిలిచిన చోట, చెట్లు పోయాయి. మిగతావి నిలబడ్డాయి. అక్కడక్కడా, ఆకుల అడుగున, కంకుల మొదట్లో ఒకటి అరా పువ్వు విచ్చింది. తోట అనడానికి లేదు. ఒక బుట్ట అడుగు నిండుతుందేమో.

పంచమీ తీర్థం నాడు పొద్దున్నే మునిప్రసాద్ ఆటో తీసుకుని వచ్చాడు. ఊరంతా తీర్థానికి తిరుచానూరు వైపు నడుస్తోంది. ఆదిమూలం అన్న మాట తప్పే మనిషి కాదు. తోట నిలబడింది గానీ పూయలేదు, అంతే కదా ఒప్పందం. ఖాకీ తొడుక్కుని వచ్చి నా అరుగు ముందు నిలబడ్డాడు. చొక్కా భుజాల దగ్గర సరిగ్గా కూర్చుంది. అంత బాగా కుట్టినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. కాలరు సర్దమని అడిగాడు. సర్దాను. బొగ్గు పూసుకున్నప్పుడు కూడా ఆయన కళ్ళల్లో ఆయన ఉండేవాడు, ఈ వేషంలో లేడు.

వదిన ఎక్కడని మునిప్రసాద్ అడిగాడు. తెల్లారకముందే లేచి తోటలోకి పోవడం నేను చూశాను. అంతలో తనే వచ్చింది. చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా తడిసి, మంచులోనుంచి మెల్లగా. తలంటుకుని విరబోసిన జుట్టు అప్పుడే ముడేసినట్టుంది. మా ముందు నిలబడి, తమ్ముడికి ఏదో చెప్పబోయి, తమ వాకిట్లో తులసికోట దగ్గర జారిన చెంబును తీయడానికి వెనక్కి తిరిగింది.

కొప్పులో కనకాంబరాలు ఉన్నాయి. మూరెడు కూడా లేవు, జానెడు దండ. మధ్యమధ్య మరువం రెమ్మలు పెట్టి కట్టింది.

ఆదిమూలం అన్న ఒక అడుగు వేసి ఆగాడు. ఇన్నేళ్ళ కాపురంలో మొదటిసారి చూస్తున్నాడు.

"తలనొప్పి వస్తాదే నీకు" అన్నాడు.

వదిన చెంబు పట్టుకుని అటు తిరిగే ఉంది.

"పువ్వుకు యాడుండాది వాసన" అంది. "మందుది అది. నువ్వు రాత్రి పక్కన పండుకుంటే నీ ఒంట్లోనుంచి వచ్చేది. అదే పువ్వులో ఉండేది. దాన్ని నా బిడ్డ తలలో కూడా ఏనాడూ పెట్టలేదు. పెట్టుకున్నోళ్ళకు ఏమైతాదో అని ఇన్నేండ్లు లోపల్లోపలే భయపడి సచ్చినా. నీకు చెప్తే తోట ఇడిస్తావని చెప్పలేదు. ఇప్పుడు లేదు. సూడు కావాలంటే."

ఆయన దగ్గరికి పోయి, అందరి ముందూ, వణికే చేత్తో ఆమె కొప్పును తాకి వంగి వాసన చూశాడు. నేను తల తిప్పుకున్నాను. మునిప్రసాద్ కూడా తిప్పుకున్నాడు. మళ్ళీ చూసేసరికి ఆదిమూలం అన్న చొక్కా గుండీలు ఒక్కొక్కటే విప్పుతున్నాడు. జాతర ఆఖరిరోజు వేషం విప్పే తీరులోనే, తొందర లేకుండా. విప్పి, మడత పెట్టి, నా మిషను మీద ఉంచాడు. బనియను మీదే, వాళ్ళింటి గూట్లోనుంచి బుట్ట తీసుకుని తోటవైపు నడిచాడు. మంచు ఆయన మోకాళ్ళ దాకా వచ్చింది, తర్వాత నడుము దాకా.

మునిప్రసాద్ ఆటో వెనక్కి తిప్పుకుని, తీర్థానికి పోయే ముసలమ్మలను ఎక్కించుకుని పోయాడు.

సంక్రాంతి దాటాక తోట బాగానే పూసింది, కార్లు రాలేదు. ఆ ఖాకీ చొక్కాను విప్పి వదినకు పూలకోత సంచి కుట్టిచ్చాను. జేబులు అలాగే ఉంచాను. ఒకదాంట్లో అరటినార పెట్టుకుంటుంది, ఇంకో దాంట్లో మరువం.